ముత్తాత సంతకం ఏ కోర్టులో ఉంది?

1936 జనవరి 15న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ట్రెంటన్ ఫెడరల్ కోర్టులో ఒక పెద్దమనిషి ఫారం నింపి సంతకం పెట్టారు. అందులో వృత్తి ప్రొఫెసర్, పుట్టిన ఊరు జర్మనీలోని ఉల్మ్, జాతి అన్న గడిలో హీబ్రూ, అంటే యూదు. ఎత్తు, బరువు, కళ్ళ రంగు, జుట్టు రంగు కూడా రాశారు. కింద సంతకం ఆల్బర్ట్ ఐన్‌స్టీన్.

అదే ఫారంలో ‘అమెరికాకు ఎక్కణ్ణించి వచ్చారు’ అన్న ప్రశ్నకి జవాబు బెర్ముడా. తేదీ 1935 జూన్. ఆయన జీవితచరిత్ర కాస్త తెలిసినవాళ్ళకి ఇక్కడ అనుమానం రావాలి. ఐన్‌స్టీన్ 1933 అక్టోబరులోనే వచ్చి ప్రిన్‌స్టన్‌లో స్థిరపడ్డారు కదా, మధ్యలో ఈ బెర్ముడా ఏమిటి? సంగతేమిటంటే ఆయన మొదట వచ్చింది విజిటర్ వీసా మీద. శాశ్వతంగా ఉండాలంటే దేశం బయటికి వెళ్ళి, అక్కడి అమెరికన్ కాన్సులేట్‌లో వలస వీసా తీసుకుని మళ్ళీ లోపలికి రావాలి. దగ్గర్లో ఉన్నది బెర్ముడా కాబట్టి ఓడెక్కి వెళ్ళొచ్చారు. స్టాంపింగ్ కోసమని మెక్సికోకో కెనడాకో వెళ్ళి టెన్షన్‌తో తిరిగొచ్చిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి ఈ కథ కొత్తగా అనిపించదు.

అమెరికాకు వలస వెళ్ళిన పూర్వీకుల జాడ కోసం పౌరసత్వ రికార్డులు తిరగేసేవాళ్ళకి ఈ ఒక్క కాగితం చాలా నేర్పుతుంది. అందులో ఉన్నది మనిషి జీవితచరిత్ర అనుకుంటే పొరపాటు. ఆ ఏడాది చట్టం ఏం అడిగిందో దానికి చెప్పిన జవాబు మాత్రమే అక్కడ ఉంటుంది. చట్టం అడగనిది రాయరు. అడిగినా, చట్టానికి పనికొచ్చే జవాబే రాస్తారు. అందుకే ఏ ఏడాది చట్టం ఎలా ఉండేదో తెలియకుండా కాగితం చదివితే ముత్తాత బెర్ముడా నుంచి వచ్చాడని వంశవృక్షంలో రాసేసుకుంటాం.

ఇంట్లో సాధారణంగా మిగిలేది సర్టిఫికెట్ ఒక్కటే. ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు, లేదంటే పెట్టె అడుగున దాస్తారు. అనుమతి లేకుండా దీన్ని కాపీ తీయడం నేరమని ఆ సర్టిఫికెట్ మీదే అచ్చేసేవారు, దాంతో భయపడి జిరాక్స్ కూడా తీయించని కుటుంబాలున్నాయి. నిజానికి మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తక్కువ సమాచారం ఉన్న కాగితం అదే. సరుకంతా దానికి ముందు దాఖలు చేసిన రెండు కాగితాల్లో ఉంటుంది. ఒకటి ‘నేను ఈ దేశ పౌరుడిని కాదలచుకున్నాను’ అనే డిక్లరేషన్. దీన్ని జనం ‘ఫస్ట్ పేపర్స్’ అనేవారు. కొన్నేళ్ళ తర్వాత ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వేసే పిటిషన్ రెండోది. ఈ రెండూ కోర్టులో ఉండిపోతాయి, ఇంటికి రావు.

మొదటి పౌరసత్వ చట్టం 1790లో వచ్చింది. రెండేళ్ళు ఉంటే చాలంది. 1795లో ఐదేళ్ళు చేసి, డిక్లరేషన్ కూడా పెట్టారు. 1798లో ఏకంగా పద్నాలుగేళ్ళకి పెంచి, 1802లో మళ్ళీ ఐదేళ్ళకి దించారు. పరిశోధకులకి వీటన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చింది వేరే నిబంధన. రికార్డులు నిర్వహించే ఏ కోర్టుకైనా పౌరసత్వం ఇచ్చే అధికారం ఉండేది. ఫెడరల్ కోర్టా, రాష్ట్ర కోర్టా, కౌంటీ కోర్టా అన్న తేడా లేదు. ఊళ్ళో ఏ కోర్టు దగ్గరైతే అక్కడికి వెళ్ళేవారు. పైగా డిక్లరేషన్ ఒకచోట, పిటిషన్ మరోచోట వేయొచ్చు. న్యూయార్క్‌లో ఓడ దిగి అక్కడే మొదటి కాగితం వేసి, నాలుగేళ్ళు ఒహాయోలో పనిచేసి, చివరికి మిన్నెసోటాలో పొలం కొనుక్కుని అక్కడ పిటిషన్ వేసినవాళ్ళు కోకొల్లలు. ఆ మనిషి కాగితాలు మూడు రాష్ట్రాల్లో వెతకాలి.

1906 జూన్ 29 నాటి చట్టం ఈ గందరగోళాన్ని సర్దింది. అది అదే ఏడాది సెప్టెంబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతా ఒకే ఫారం, ప్రతి కాగితం కాపీ ఒకటి వాషింగ్టన్‌కి. అలా అక్కడ చేరిన కాపీల కట్టలనే సి-ఫైళ్ళు అంటారు. 1906 సెప్టెంబరు 27 అన్న తేదీని ఈ పని మొదలుపెట్టేవాళ్ళు గుర్తుంచుకోవాలి. మనిషి ఆ తేదీ తర్వాత పౌరుడైతే, ఏ కోర్టో తెలియకపోయినా వాషింగ్టన్‌లో అడగొచ్చు. ముందే అయితే కౌంటీ కౌంటీ తిరగాల్సిందే.

కాగితంలో ఉండే సంగతుల్లో కూడా ఆ తేదీకి అటూ ఇటూ ఎంతో తేడా. కొత్త ఫారంలో పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వృత్తి, ఒంటి వర్ణన, ఏ రేవులో ఏ ఓడ ఎక్కారు, ఏ రోజు దిగారు, భార్య పేరు, పిల్లల పేర్లు, వాళ్ళు పుట్టిన తేదీలు, సాక్షుల చిరునామాలు ఉంటాయి. 1929 జూలై నుంచి ఫొటో కూడా అంటించమన్నారు. ముత్తాత ఫొటో ఇంట్లో ఒక్కటీ లేని కుటుంబానికి ఆ చిన్న ఫొటోతో మొదటిసారి ఆయన మొహం కనబడుతుంది. సాక్షుల పేర్లు చాలామంది వదిలేస్తారు కానీ వదలకూడదు. సాక్షిగా వచ్చేది బామ్మర్దో, ఒకే ఊరివాడో, అద్దెకిచ్చిన ఇంటి యజమానో అవుతాడు. మనిషి ఊరు దొరకనప్పుడు సాక్షి ఊరు దొరికినా దారి తెలుస్తుంది.

పాత కాగితాలు మరీ పొదుపు. పేరు, దేశం, తేదీ, సంతకం, అంతే. ఐర్లాండ్ నుంచి వచ్చినవాడి కాగితంలో ‘గ్రేట్ బ్రిటన్, ఐర్లాండ్’ అనే రాసి ఉంటుంది, ఏ పల్లెటూరో చెప్పదు. అయినా అందులోనూ ఒక గమ్మత్తుంది. పౌరుడు కాదలచుకున్నవాడు తన పాత రాజు పట్ల విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేయాలి, ఆ రాజు పేరు రాయాలి. జర్మనీ 1871 దాకా ఒకే దేశం కాదు, చిన్నా పెద్దా రాజ్యాల గుంపు. కాబట్టి ‘వుర్టెంబెర్గ్ రాజు’ అనో ‘హెస్సె గ్రాండ్ డ్యూక్’ అనో రాసి ఉంటే, జర్మనీలో ఏ మూల వెతకాలో తెలిసిపోతుంది. పోలండ్‌వాళ్ళది దీనికి తిరగేసిన కథ. వాళ్ళ దేశాన్ని రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా పంచుకున్నాయి. ఇంట్లో పోలిష్ మాట్లాడే మనిషి కాగితంలో రష్యా జార్ పేరు కనబడగానే మనవళ్ళు ‘మేం రష్యన్లమా?’ అని కంగారు పడతారు.

ఏ కోర్టో తెలియనప్పుడు ముందు చూడాల్సింది జనాభా లెక్కలు. 1900 నుంచి 1930 దాకా జరిగిన నాలుగు లెక్కల్లోనూ విదేశాల్లో పుట్టినవాళ్ళ పేరు ఎదురుగా రెండేసి అక్షరాలు వేశారు: ‘ఎన్‌ఏ’ అంటే పౌరుడైపోయాడు, ‘పీఏ’ అంటే మొదటి కాగితం వేశాడు, ‘ఏఎల్’ అంటే ఇంకా విదేశీయుడే. 1920లో ఏ ఏడాది పౌరుడయ్యాడో కూడా అడిగారు. ఒక లెక్కలో పీఏ, పదేళ్ళ తర్వాతి లెక్కలో ఎన్‌ఏ ఉంటే పిటిషన్ ఆ పదేళ్ళలోనే పడింది. అప్పుడు ఆయన ఏ కౌంటీలో ఉన్నాడో ఆ లెక్కే చెబుతుంది. అయితే లెక్క రాసేవాడు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుంటే వాళ్ళు చెప్పిందే రాసుకున్నాడు. పదిహేనేళ్ళ కూతురు చెప్పిన ఏడాదిని రాతిమీద శాసనంలా నమ్మితే చిక్కే.

భూమి కాగితాల్లో కూడా పౌరసత్వం దొరుకుతుందని చాలామందికి తోచదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమి కావాలంటే పౌరుడై ఉండాలి, లేదా కనీసం మొదటి కాగితం వేసి ఉండాలి. కాబట్టి పట్టా ఫైల్లో ఆ కాగితం నకలు పెట్టేవారు. కోర్టు రికార్డు తగలబడిపోయినా పట్టా ఫైల్లో నకలు మిగిలిన సందర్భాలున్నాయి. కాలిఫోర్నియాలో ఓటర్ల జాబితాలు ఇంకా నయం. ఏ కోర్టులో ఏ రోజు పౌరుడయ్యాడో అక్కడే రాసేవారు.

ఓటు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 1868 ఎన్నికల ముందు న్యూయార్క్ కోర్టుల్లో పౌరసత్వాలు వేల సంఖ్యలో పంచిపెట్టారు. టామనీ హాల్ అనే స్థానిక డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగం మనుషుల్ని గుంపులుగా తోలుకొచ్చేది. వందలమందికి సాక్ష్యం చెప్పడమే పనిగా పెట్టుకున్న సాక్షులుండేవారు. దొంగ ఓట్ల సంగతి మన పాఠకులకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజుల కాగితంలో ‘ఐదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు’ అని రాసి ఉంటే ఓడ జాబితాతో సరిచూసుకోవాలి.

ఓడ జాబితాల్లో ఇంకో చిన్న గుర్తుంది. 1926 తర్వాత ఎవరైనా దరఖాస్తు పెడితే, గుమస్తాలు పాత ఓడ జాబితా తీసి, ఆ మనిషి నిజంగా వచ్చాడా అని చూసి, ఆ పేరు పక్కనే ఒక నంబరు, తేదీ గిలికేవారు. 1909లో దిగినవాడి పేరు పక్కన వేరే చేతిరాతలో 1938 నాటి తేదీ కనిపిస్తే, ఆ ఏడాది ఎవరో ఆయన పౌరసత్వం సంగతి పరిశీలించారని అర్థం. ముందున్న అంకె ఏ జిల్లా ఆఫీసో చెబుతుంది. ఒక పేరుతో నలుగురున్నప్పుడు మనవాడెవరో తేల్చడానికి ఇంతకన్నా మంచి సాధనం తక్కువ.

పేర్ల దగ్గరికి వస్తే, న్యూయార్క్ రేవులో వలసవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు నోరు తిరగక పేర్లు మార్చేశారన్న కథ అమెరికాలో ఇంటింటా ఉంది. అది నిలవదు. అక్కడి ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉన్నది ఓడ బయల్దేరేచోట తయారైన జాబితా, వాళ్ళు దానికి టిక్కులు పెట్టుకున్నారు. పేరు మార్చుకున్నది ఎక్కువగా వలసవాళ్ళే, అదీ దిగాక కొన్నేళ్ళకి. 1906 తర్వాతి పిటిషన్లలో పేరు మార్పు కోరే వీలుంది, జడ్జి ఆమోదిస్తే పాత పేరు, కొత్త పేరు ఒకే పేజీ మీద ఉంటాయి. రెండు పేర్లకీ ముడి వేసే కాగితం చాలా ఇళ్ళకి అదొక్కటే.

వెతికేటప్పుడు స్పెల్లింగు పట్టుకుని వేలాడితే లాభం లేదు. అందుకే చాలా ఇండెక్సులు సౌండెక్స్ పద్ధతిలో ఉంటాయి. పేరులో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, హల్లులకి అంకెలు వేస్తారు, దగ్గరి ధ్వనులకి ఒకే అంకె. తెలుగు పేర్లతో చూస్తే ఇది సరదాగా ఉంటుంది. సుబ్బారావుని ఇంగ్లిషులో చివర డబ్ల్యు పెట్టి రాసినా, ‘యు’ పెట్టి రాసినా కోడ్ ఎస్ 160. రెడ్డి చివర ‘వై’ ఉన్నా ‘ఐ’ ఉన్నా ఆర్ 300. కానీ కృష్ణ కె 625 అయితే, ఇంగ్లిషువాళ్ళు పాత పద్ధతిలో రాసిన కిస్ట్నా కె 235 అవుతుంది. అంటే యంత్రం కూడా ఒక హద్దు దాకానే సాయం చేస్తుంది.

ఆడవాళ్ళ విషయంలో రికార్డు చాలాసార్లు మౌనంగా ఉంటుంది. 1855 చట్టం ప్రకారం పౌరుణ్ణి పెళ్ళాడిన విదేశీ స్త్రీ దానంతటదే పౌరురాలయ్యేది. భర్త కాగితమే ఆమె కాగితం, అందులో ఆమె పేరుండొచ్చు, లేకపోవచ్చు. 1907లో ఇంకో అడుగు ముందుకేసి, అమెరికాలో పుట్టిన ఆడపిల్ల విదేశీయుణ్ణి పెళ్ళాడితే తన సొంత పౌరసత్వమే పోతుందన్నారు. 1922లో కేబుల్ చట్టం వచ్చి చాలావరకు దీన్ని ఆపింది. పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్ళని పెళ్ళాడినవాళ్ళకి మాత్రం 1931 దాకా మినహాయింపు దొరకలేదు. కాబట్టి న్యూయార్క్‌లోనే పుట్టి పెరిగిన నాయనమ్మ పేరుతో పౌరసత్వం తిరిగి పొందిన కాగితం కనిపిస్తే తప్పుగా చేరిందని పారేయొద్దు.

ఆ అర్హత లేనివాళ్ళలో భారతీయులూ ఉన్నారు. 1790 చట్టం ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకి’ అంది. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు. మధ్యలో ఉన్న ఆసియావాళ్ళ సంగతి జడ్జిని బట్టి మారేది. భగత్‌సింగ్ థింద్ కేసు దీనికి మంచి ఉదాహరణ. పంజాబ్ నుంచి 1913లో వచ్చారు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యంలో చేరారు. 1918 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం ఇచ్చి నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. 1920లో ఒరెగన్‌లో మళ్ళీ ఇచ్చారు. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1923 ఫిబ్రవరి 19న భారతీయులు చట్టం చెప్పే తెల్లవాళ్ళు కారని తీర్పొచ్చింది. చివరికి సైనికుల కోసం 1935లో చేసిన చట్టం పుణ్యమా అని 1936లో న్యూయార్క్‌లో మూడోసారి పౌరుడయ్యారు. ఒక మనిషి, మూడు రాష్ట్రాలు, మూడు పౌరసత్వాలు. ఇండెక్సులో ఒక్క కార్డు దొరగ్గానే వెతుకులాట ఆపేస్తే ఇలాంటి కథలో మూడో వంతే చేతికొస్తుంది.

ఆ తీర్పు తర్వాత అంతకుముందే పౌరులైన భారతీయుల మీద ప్రభుత్వం వరసగా కేసులు వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణోదాస్ బగాయ్ 1921లో పౌరుడై, తర్వాత ఆ పౌరసత్వం పోగొట్టుకుని, ఏ దేశానికీ చెందని మనిషిగా మిగిలి 1928లో ప్రాణం తీసుకున్నారు. లాయరు సఖారాం గణేశ్ పండిట్ తన కేసు తానే వాదించుకుని గెలిచారు, 1927లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వంశచరిత్ర రాసేవాళ్ళకి ఇందులో ఒక చేదు నిజం ఉంది. పౌరసత్వం సాఫీగా వచ్చినవాడి ఫైలు నాలుగు కాగితాలతో ముగుస్తుంది. పోగొట్టుకున్నవాడి ఫైలుకి కోర్టు కేసు, వాంగ్మూలాలు, ఉత్తరాలు తోడై లావుగా ఉంటుంది.

అసలు దరఖాస్తే పెట్టలేనివాళ్ళ సంగతి? భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు. భారతీయులకి పౌరసత్వ అర్హత ఇచ్చిన లూస్-సెల్లర్ చట్టం 1946 జూలై 2న గానీ రాలేదు. అంటే ఆయన అమెరికాలో గడిపిన కాలంలో చాలా భాగం తలుపు మూసే ఉంది. ఆ తరం భారతీయుల కోసం పౌరసత్వ ఇండెక్సులు వెతికి ఏమీ లేదని నిరుత్సాహపడేవాళ్ళు విదేశీయుల నమోదు ఫారాలు చూడాలి. 1940 ఆగస్టు నుంచి, పద్నాలుగేళ్ళు నిండిన ప్రతి విదేశీయుడూ వేలిముద్రలతో సహా నమోదు కావాలని చట్టం వచ్చింది. పౌరులు కానివాళ్ళకే ఆ ఫారం ఉంటుంది.

ఇక్కడే మరో పొరపాటు చెప్పుకోవాలి. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్, ఫిజీ, బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళకి కూడా పౌరసత్వ ఫైళ్ళు ఉంటాయనుకుని వెతికేవాళ్ళున్నారు. ఆంధ్ర తీరం నుంచి ఓడెక్కినా, మద్రాసు నుంచి ఎక్కినా వాళ్ళు బ్రిటిష్ ప్రజలే, దిగిందీ బ్రిటిష్ నేలమీదే. పౌరసత్వం మారాల్సిన అవసరమే రాలేదు. కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళకి ఓడ జాబితాలు, వలస రిజిస్టర్లు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా ఉంటాయి కాబట్టి అమెరికా పాత కాగితాలకన్నా అవే మెరుగు. మారిషస్ రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొన్నిటికి ఫొటోలు కూడా.

అమెరికాలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో పౌరులవడం 1965 వలస చట్టం తర్వాతి కథ. 1952 నుంచే డిక్లరేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి ఈ తరానికి ఫస్ట్ పేపర్స్ దాదాపు ఉండవు. కానీ 1991 అక్టోబరు దాకా పౌరసత్వం ఇచ్చింది కోర్టులే. 1960ల చివర వచ్చి 70లలో పౌరుడైన గుంటూరు డాక్టరుగారి పిటిషన్ కూడా ఏదో కోర్టు రికార్డులో ఉంటుంది. మన పేర్ల తిరకాసు విప్పుకోవడానికి ఆ పేజీ పనికొస్తుంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసే అలవాటు అమెరికా ఫారంలో తల్లకిందులైంది. ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుంచించుకుపోయి, సత్యనారాయణ లాస్ట్ నేమ్ అయి కూర్చుంది, పిల్లలూ మనవలూ అందరూ సత్యనారాయణలే అయ్యారు. కొందరు పౌరులయ్యేటప్పుడే దీన్ని సరిదిద్దుకున్నారు. అసలు ఇంటిపేరేమిటో మూడో తరానికి చెప్పగలిగేది ఆ పేరు మార్పు కాగితమే.

ఈ తరం వలస కాగితాలన్నీ, వీసా దగ్గర్నుంచి గ్రీన్‌కార్డు దాకా, ఏ-ఫైలు అనే ఒకే కట్టలో ఉంటాయి. 1944 ఏప్రిల్‌లో మొదలైన పద్ధతి ఇది. మనిషి పుట్టి వందేళ్ళు నిండాక ఆ ఫైలు ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరి జనానికి అందుబాటులోకి వస్తుంది. 1936లో పుట్టినవాళ్ళది అంటే 2036 తర్వాత. అప్పటిదాకా ఆగక్కర్లేదు. బతికున్నవాళ్ళు తమ ఫైలు తామే సమాచార హక్కు దరఖాస్తుతో అడిగి తెప్పించుకోవచ్చు. పోయినవాళ్ళదైతే మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి పిల్లలు అడగొచ్చు. ఎవరు అడిగినా గ్రీన్‌కార్డు మీది ఏ-నంబరు ఉంటే వెతుకులాట చాలా సులువవుతుంది. అది పౌరసత్వ సర్టిఫికెట్ మీద కూడా ఉంటుంది.